గాలి మోసుకొచ్చిన మొండి క్షయ

దక్షిణాఫ్రికాలో డర్బన్ రేవు వదిలి కొండదారి పట్టి కొన్ని గంటలు పోతే టుగేలా నది ఒడ్డున ఒక చిన్న ఊరు తగులుతుంది. పేరు టుగేలా ఫెర్రీ. క్వాజులు-నటాల్ రాష్ట్రంలో బాగా వెనకబడిన ప్రాంతం అది. గనుల్లోనో నగరాల్లోనో పనికి పోయే మగవాళ్లు, ఇంటి దగ్గర ముసలివాళ్లు, పిల్లలు, మేకలు. 1860 నుంచి మద్రాసు రేవులో ఓడెక్కి చెరకు తోటల కూలికి పోయిన మన తెలుగువాళ్ల వారసులు ఇప్పటికీ ఈ రాష్ట్రంలోనే ఉన్నారు. అయితే వాళ్లది సముద్ర తీరం. ఈ కొండల్లో ఉండేది జులూలు. వాళ్లకున్న పెద్ద దిక్కు ఒకప్పుడు స్కాట్లాండ్ మిషనరీలు పెట్టిన ఆసుపత్రి. పేరు ఇప్పటికీ చర్చ్ ఆఫ్ స్కాట్లాండ్ హాస్పిటలే, నడిపేది మాత్రం ప్రభుత్వం.

2005లో ఆ ఆసుపత్రి డాక్టర్లకు ఒక లెక్క తేలలేదు. అప్పటికి ఏడాది కిందటే దక్షిణాఫ్రికా ప్రభుత్వం హెచ్‌ఐవీ రోగులకు ఏఆర్‌టీ మందులు ఇవ్వడం మొదలుపెట్టింది. మందులు పనిచేస్తున్నాయి, వైరస్ అదుపులోకి వస్తోంది, మంచం దిగినవాళ్లు నడుస్తున్నారు. అంతలోనే వాళ్లలో కొందరు క్షయతో చనిపోతున్నారు. క్షయకు మందులివ్వలేదా అంటే, ఇస్తూనే ఉన్నారు. టోనీ మోల్ అనే డాక్టరు అనుమానం వచ్చి తెమడ నమూనాలు డర్బన్ ల్యాబ్‌కు పంపించారు. తిరిగొచ్చిన రిపోర్టుల్లో కొన్నిటిని చూస్తే, పరీక్షించిన మందుల్లో ఒక్కటి కూడా పనిచేసేలా లేదు.

అక్కడి నుంచి అసలు వెతుకులాట మొదలైంది. 2005 జనవరి నుంచి 2006 మార్చి దాకా 1,539 మంది తెమడ పరీక్ష చేశారు. 221 మందిలో ప్రధానమైన రెండు మందులకూ లొంగని క్షయ, అంటే ఎండీఆర్ టీబీ బయటపడింది. వాళ్లలో 53 మందిది అంతకన్నా మొండిది, ఎక్స్‌డీఆర్. ఆ 53 మందిలో 52 మంది చనిపోయారు. మరణం తేదీ తెలిసినవాళ్లలో సగం మంది నిర్ధారణ తర్వాత పదహారు రోజులకు మించి బతకలేదు. అప్పట్లో తెమడను పెంచి ఏ మందు పనిచేస్తుందో తేల్చడానికి వారాలు పట్టేది. రిపోర్టు వచ్చేసరికి చాలామంది మంచాలు ఖాళీ అయిపోయాయి. హెచ్‌ఐవీ పరీక్ష చేయించుకున్న 44 మందికీ హెచ్‌ఐవీ ఉంది, ఒక్కరు కూడా మినహాయింపు కాదు.

2006 ఆగస్టులో టొరంటోలో జరిగిన ప్రపంచ ఎయిడ్స్ సదస్సులో ఈ అంకెలు బయటపెట్టారు. ఆ మాటకొస్తే ఎక్స్‌డీఆర్ అనే పేరు పుట్టిందే ఆ ఏడాది. అదే ఏడాది చివర్లో నీల్ గాంధీ, జెరాల్డ్ ఫ్రీడ్‌లాండ్, మోల్ తదితరుల వ్యాసం లాన్సెట్ పత్రికలో వచ్చింది. పత్రికలన్నీ 52 అన్న అంకెను పట్టుకున్నాయి. కానీ అదే వ్యాసంలో అంతకన్నా ముఖ్యమైన అంకెలు మరో మూడున్నాయి.

క్షయ మొండికేసిందంటే డాక్టరు నోట, నర్సు నోట, ఇంటి పక్కావిడ నోట వచ్చే మొదటి మాట ఒకటే. మందులు సరిగ్గా వేసుకుని ఉండడు. రెండు నెలలకే నీరసం తగ్గింది కదాని కోర్సు మానేసి ఉంటాడు, తాగి పడుకుని ఉంటాడు. హెచ్‌ఐవీ కూడా ఉందంటే ఇంకేం, తప్పంతా వాడి నెత్తినే. టుగేలా ఫెర్రీలో ఎక్స్‌డీఆర్ రోగుల పాత వివరాలు దొరికిన 47 మందిలో 26 మంది అంతకుముందు క్షయ మాత్ర ఒక్కటి కూడా మింగలేదు. మింగనివాడు మధ్యలో ఎలా మానేస్తాడు? ఇది మొదటి అంకె. 42 మందిలో 28 మంది అంతకు కొద్దికాలం ముందు ఏదో ఒక జబ్బుకు ఆసుపత్రిలో పడుకుని వచ్చినవాళ్లు. ఇది రెండోది. క్రిముల జన్యువులు పోల్చి చూసిన 46 మందిలో 39 మందిది దాదాపు ఒకే రకం. ఇది మూడోది. మూడూ కలిపి చదివితే ఆరోగ్యం కోసం ఆసుపత్రికి వెళ్లినవాళ్లు అక్కడి గాలిలోనే మొండి క్షయను పీల్చుకుని ఇంటికి వచ్చారన్నమాట.

మరి ఆ మొదటి మొండి క్రిమి ఎక్కడి నుంచి వచ్చింది?

క్షయ క్రిమి చాలా నిదానస్తురాలు. ఒకటి రెండవడానికి ఇంచుమించు ఒక రోజు తీసుకుంటుంది. మామూలు బ్యాక్టీరియాల్లా పక్కవాడి దగ్గర నిరోధక జన్యువును అప్పు తెచ్చుకునే అలవాటు కూడా దానికి లేదు. దానికి తెలిసింది ఒకటే, జన్యువులను నకలు తీసేటప్పుడు అప్పుడప్పుడు పొరపాటు చేయడం. ఆ పొరపాటు వల్ల ఐసోనియాజిడ్‌కు లొంగని క్రిమి సుమారు పది లక్షల్లో ఒకటి పుడుతుంది. రిఫాంపిసిన్‌కు లొంగనిది పది కోట్లలో ఒకటి. రిఫాంపిసిన్ అంటే వేసుకున్న రోజు మూత్రం ఎర్రగా వచ్చే మాత్ర, క్షయ రోగులందరికీ అది బాగా గుర్తుంటుంది. ఊపిరితిత్తి పుండుపడి గుల్లయిన చోట పది కోట్ల క్రిములు ఉండొచ్చు. ఒక్క మందే ఇస్తే దానికి లొంగనివి ఆ గుంపులో ముందే ఉంటాయి. మిగతావి చచ్చి చోటు ఖాళీ అయ్యాక అవే పెరుగుతాయి. రెండు మందులు కలిపి ఇస్తే రెంటికీ లొంగని క్రిమి పుట్టే అవకాశం కోటి కోట్లలో ఒకటి. క్షయకు ఎప్పుడూ గుప్పెడు మాత్రలు ఇవ్వడానికి కారణం ఈ గుణకారమే. 1940ల చివర బ్రిటన్‌లో స్ట్రెప్టోమైసిన్ ఒక్కదాన్నే ఇచ్చి చూసినప్పుడు రోగులు మొదట కోలుకుని, తర్వాత మళ్లీ పడిపోయారు. ఆ దెబ్బతోనే ఈ లెక్క వైద్యులకు ఒంటబట్టింది.

టుగేలా క్రిమి జాతకాన్ని తర్వాత జన్యు శాస్త్రవేత్తలు విప్పి చూశారు. క్వాజులు-నటాల్ నుంచి సేకరించిన 337 నమూనాల పూర్తి జన్యుక్రమాన్ని చదివి, ఏ పొరపాటు ఎప్పుడు జరిగిందో వెనక్కి లెక్కగట్టారు. 2015లో వచ్చిన ఆ అధ్యయనం ప్రకారం ఈ వంశంలో ఐసోనియాజిడ్‌కు లొంగని గుణం సుమారు 1957లోనే వచ్చింది. అంటే ఆ మందు వాడకంలోకి వచ్చిన అయిదారేళ్లకే. 1984 ప్రాంతంలో రిఫాంపిసిన్ కూడా పోయి అది ఎండీఆర్ అయింది. 1995 ప్రాంతంలో ఎక్స్‌డీఆర్ స్థాయికి చేరింది. ఏళ్లు కొంచెం అటూఇటూ కావచ్చు. కానీ ప్రపంచం దాన్ని చూసింది 2005లో. పదేళ్లపాటు అది ఎవరి కంటా పడకుండా ఊళ్లలో తిరిగింది. చూసే పరీక్ష అక్కడ లేదు మరి.

క్షయ క్రిములకూ ఇంటిపేర్లు ఉంటాయి. టుగేలా క్రిమి ఇంటిపేరు ఎల్ఏఎం4, శాస్త్రవేత్తలు నాలుగో వంశం అని పిలిచే యూరో-అమెరికన్ శాఖలోది. దక్షిణ భారతంలో ఎక్కువగా కనిపించేది మొదటి వంశం, ఉత్తర భారతంలో మూడోది. చైనా, రష్యా వైపు పేరు మోసిన బీజింగ్ శాఖ రెండోది. 1990ల మొదట్లో న్యూయార్క్ ఆసుపత్రుల్లో ఎయిడ్స్ రోగుల వార్డులను తుడిచిపెట్టిన డబ్ల్యూ రకం ఈ బీజింగ్ శాఖలోదే. అంటే టుగేలా ఫెర్రీలో జరిగింది అప్పటికే ఒకసారి, అదీ ప్రపంచంలో డబ్బున్న నగరాల్లో ఒకదానిలో జరిగి ఉంది. అప్పట్లో న్యూయార్క్‌లో క్షయ నియంత్రణ బాధ్యత చూసిన థామస్ ఫ్రీడెన్ 1996లో భారతదేశానికి వచ్చి, ఇక్కడి కొత్త క్షయ కార్యక్రమం విస్తరణలో పనిచేశారు. పాఠం మాత్రం ఆయనంత వేగంగా దేశాలు దాటలేదు.

ఇంతకీ ఇందులో హెచ్‌ఐవీ పాత్ర ఏమిటి? క్రిమిని మొండిగా మార్చేది హెచ్‌ఐవీయేనని చాలామంది అనుకుంటారు. బ్యూనస్ ఎయిర్స్‌లో 1990లలో ఎయిడ్స్ రోగుల మధ్య వ్యాపించిన ఎండీఆర్ రకం మీద జరిగిన జన్యు అధ్యయనం దీన్నే తేల్చడానికి ప్రయత్నించింది. హెచ్‌ఐవీ ఉన్నవాడి ఒంట్లో క్రిమి పొరపాట్లు ఎక్కువేమీ చేయదు, అతని నుంచి పక్కవాడికి ఎక్కువగా అంటుకోదు అని దాని సారాంశం. హెచ్‌ఐవీ చేసేది కాలాన్ని కుదించడం. మామూలు మనిషి ఒంట్లో చేరిన క్షయ క్రిమిని రక్షణ కణాలు చుట్టుముట్టి గోడ కట్టేస్తాయి. అలా గోడ వెనక క్రిమి ఉన్నవాళ్లలో నూటికి అయిదు నుంచి పది మందికే జీవితకాలంలో జబ్బు వస్తుంది. ఆ గోడకు మేస్త్రీలు సీడీ4 కణాలు. హెచ్‌ఐవీ తినేసేది సరిగ్గా వాటినే. ఏఆర్‌టీ లేకుండా ఉంటే నూటికి పది మందికి ఏటా జబ్బు పైకి లేచే ప్రమాదం ఉంటుంది. ఇతరులలో ఇరవై ఏళ్లు నిద్రపోయే మొండి క్రిమి ఇక్కడ నెలల్లోనే బయటపడుతుంది. అందుకే ఆసుపత్రి గాలిలో ఉన్న విషం హెచ్‌ఐవీ రోగుల ద్వారానే ముందుగా లోకానికి తెలిసింది.

చిక్కు ఇంకొకటి ఉంది. సీడీ4 బాగా పడిపోయినవాళ్లలో ఊపిరితిత్తులకు గుల్లలు తక్కువ పడతాయి, తెమడలో క్రిములూ తక్కువే వస్తాయి. మైక్రోస్కోపు కింద చూస్తే ఏమీ కనపడదు. ఎక్స్‌రే కూడా ఒక్కోసారి మామూలుగానే ఉంటుంది. పరీక్షలో లేదన్నారు కదాని ఇంటికి పంపిన మనిషి నెల తిరక్కుండానే మంచం పడతాడు. ఇలాంటివాళ్ల కోసమే మూత్రంలో క్షయ ఆనవాళ్లు పట్టే లామ్ పరీక్ష వచ్చింది. అది క్షయ ఉందో లేదో చెబుతుంది. మొండిదో కాదో మాత్రం చెప్పలేదు.

అలాగని హెచ్‌ఐవీకీ మందుల మొండితనానికీ సంబంధమే లేదనుకుంటే అదీ తప్పే. పేగులు దెబ్బతిన్న రోగి మింగిన మాత్ర మొత్తం రక్తంలోకి ఎక్కదు. వేసిన మందు చాలకపోతే దానికి సగం లొంగిన క్రిమి బతికి బట్టకడుతుంది. మన దేశంలో ఏళ్ల తరబడి క్షయ మందులు వారానికి మూడు రోజులే ఇచ్చేవారు. హెచ్‌ఐవీ ఉన్న క్షయ రోగులకు ఈ పద్ధతి సరిపోతుందా అని చెన్నైలోని జాతీయ క్షయ పరిశోధన సంస్థ పరీక్షించింది. 331 మందిని మూడు జట్లు చేశారు. రోజూ మందులు వేసుకున్న జట్టులో 91 శాతం మందికి మంచి ఫలితం వస్తే, రోజు విడిచి రోజు పద్ధతిలో వచ్చింది 77 శాతం మందికే. అన్నిటికన్నా ఆలోచింపజేసేది ఇంకొకటి. రెండో పద్ధతిలో నలుగురికి చికిత్స నడుస్తుండగానే రిఫాంపిసిన్ పనిచేయకుండా పోయింది. రోజూ వేసుకున్న జట్టులో ఒక్కరికీ అలా జరగలేదు. జట్ల మధ్య తేడా మందులు ఇచ్చిన పద్ధతిలోనే. దేశమంతటా రోజువారీ మందులు 2017లో వచ్చాయి. అంతకుముందు మొండికేసిన క్షయలన్నిటికీ రోగినే దోషిగా నిలబెట్టిన కౌన్సెలింగ్ గదులు ఈ ఫలితాన్ని ఒకసారి చదవాలి.

రిఫాంపిసిన్‌కు ఇంకో గుణం ఉంది. కాలేయాన్ని రెచ్చగొట్టి ఇతర మందులను త్వరగా బయటికి తోయిస్తుంది. ఇప్పుడు ఏఆర్‌టీ సెంటర్లలో ఎక్కువగా ఇచ్చే డోలుటెగ్రావిర్ దీని ధాటికి రక్తంలో తగ్గిపోతుంది. అందుకే రెండు జబ్బులూ ఉన్నవాళ్లకు డోలుటెగ్రావిర్‌ను రోజుకు ఒకసారి బదులు రెండుసార్లు ఇస్తారు. ఆ రెండో మాత్ర మరిచిపోతే క్షయ మందు హెచ్‌ఐవీ మందును ఓడిస్తుంది. ప్రైవేటు డాక్టరు దగ్గర క్షయ మందులు తీసుకుంటూ ఏఆర్‌టీ సంగతి సిగ్గుతో చెప్పనివాళ్లకు ఇది నిజమైన ప్రమాదం.

పరీక్షలు వేగంగా వచ్చాయి, అదొక ఊరట. మన జిల్లా ఆసుపత్రుల్లో సీబీనాట్ అని పిలిచే యంత్రం రెండు గంటల్లో క్షయ ఉందో లేదో, రిఫాంపిసిన్ పనిచేస్తుందో లేదో చెప్పేస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని 2010 డిసెంబరులో ఆమోదించింది. కానీ క్రిమి అంత తేలిగ్గా దొరకదు. దక్షిణాఫ్రికా పక్కనే ఎస్వాతిని అని చిన్న రాజ్యం ఉంది, పాత పేరు స్వాజిలాండ్. పెద్దవాళ్లలో హెచ్‌ఐవీ శాతం ప్రపంచంలోకెల్లా ఎక్కువ ఉన్నది అక్కడే. అక్కడి ఎండీఆర్ నమూనాలు 125 పరిశీలిస్తే 38 నమూనాల్లో రిఫాంపిసిన్ మొండితనం ఒక వింత చోట ఉన్న జన్యు పొరపాటు వల్ల వచ్చింది. యంత్రం ఆ జన్యువులో ఒక చిన్న ముక్కనే చదువుతుంది. పొరపాటు ఆ ముక్కకు కాస్త అవతల ఉంది. తలుపుకు తాళం వేశారు, దొంగ దొడ్డిదారిన వచ్చాడు. రిఫాంపిసిన్ బాగా పనిచేస్తుందని యంత్రం చెబితే డాక్టరు అదే మందు ఇస్తాడు, రోగి దగ్గుతూనే ఉంటాడు. ఆ రకం తర్వాత దక్షిణాఫ్రికాలోనూ కనిపించింది.

మళ్లీ టుగేలా ఫెర్రీకి వద్దాం. అక్కడి డాక్టర్ల చేతిలో కొత్త మందు లేదు. ఉన్నవి కిటికీలు. వాటిని తెరిచారు. దగ్గేవాళ్లను ఆరుబయట కూర్చోబెట్టారు, తెమడ ఇవ్వడానికి బయటే చోటు చూపించారు, అవసరం లేనివాళ్లను వార్డులో ఎక్కువ రోజులు ఉంచడం తగ్గించారు. ఇలాంటి చవక పనులకు త్వరిత పరీక్షలు, హెచ్‌ఐవీ చికిత్స, క్షయ రోగులకు విడి గదులు కూడా జోడిస్తే ఆ ప్రాంతంలో రాబోయే ఎక్స్‌డీఆర్ కేసుల్లో దాదాపు సగం ఆపవచ్చని 2007లో వచ్చిన ఒక గణిత అంచనా చెప్పింది.

అదే ఏడాది పెరూ రాజధాని లిమాలోని ఎనిమిది ఆసుపత్రుల్లో గదుల గాలిని కొలిచారు. యంత్రాలతో గాలి మార్చే ఆధునిక క్షయ గదుల్లో గంటకు 12 సార్లు గాలి మారుతోంది. కిటికీలు, తలుపులు తెరిచిన మామూలు గదుల్లో సగటున 28 సార్లు. 1950కి ముందు కట్టిన ఎత్తు కప్పుల పాత గదుల్లో 40 సార్లు! మందు మొదలుపెట్టని క్షయ రోగులతో ఒక రోజంతా ఉంటే యంత్రపు గదిలో నూటికి 39 మందికి క్రిమి సోకే ప్రమాదం ఉందనీ, పాత గదిలో అది 11 మందికేననీ లెక్క తేలింది. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో డేనిష్ డాక్టరు ఫ్రిమోట్-మోలర్ ఆధ్వర్యంలో వందేళ్ల కిందట శానటోరియం కట్టినవాళ్లకు ఈ అంకెలు తెలియవు. మందులూ లేవు. గాలి మీద నమ్మకంతో వరండాలు వదిలారు. మన కొత్త ఆసుపత్రుల్లో ఓపీ హాలు ఎలా ఉంటుందో పాఠకులకు వేరే చెప్పనక్కర్లేదు. గాజు గోడలు, ఏసీ చల్లదనం, టోకెన్ నంబరు కోసం రెండు గంటల కాపలా. దగ్గేవాడు, పసిబిడ్డ, కీమో చేయించుకుంటున్న పెద్దావిడ ఒకే బల్ల మీద.

టుగేలా కథ అక్కడితో ముగిసిపోలేదు. 2011 నుంచి 2014 దాకా క్వాజులు-నటాల్‌లో 404 మంది ఎక్స్‌డీఆర్ రోగులను పరిశోధకులు కలిసి మాట్లాడారు. 77 శాతం మందికి హెచ్‌ఐవీ ఉంది. 69 శాతం మంది అంతకుముందు ఎండీఆర్ చికిత్స తీసుకోనేలేదు. అంటే ఆ మొండితనం వాళ్ల ఒంట్లో పుట్టింది కాదు, మరొకరి దగ్గర నుంచి వచ్చింది. జన్యువులు పోలిస్తే ఒకే గుంపులో 212 మంది తేలారు. వాళ్లదీ ఆ ఎల్ఏఎం4 ఇంటిపేరే.

ఈలోగా మందుల వైపు వెలుగు కనిపించింది. బెడాక్విలిన్ అనే కొత్త మందు 2012 చివర్లో అమెరికాలో అనుమతి పొందింది. తర్వాత దానికి ప్రెటోమనిడ్, లినిజోలిడ్ జోడించి ఆరు నెలలు ఇచ్చి చూశారు. దక్షిణాఫ్రికాలో జరిగిన ఆ నిక్స్ ప్రయోగంలో పాల్గొన్న 109 మందిలో సగం మందికి హెచ్‌ఐవీ ఉంది. 90 శాతం మందిలో ఫలితం బాగా వచ్చింది. 53 మందిలో 52 మంది పోయిన రాష్ట్రంలోనే, డర్బన్ ఆసుపత్రిలోనూ, ఈ ప్రయోగం సాగింది. అంతకుముందు ఏడాదిన్నర, రెండేళ్లు మందులు, నెలల తరబడి ఇంజెక్షన్లు. ఆ ఇంజెక్షన్లతో వినికిడి పోయినవాళ్లు ఎందరో. దక్షిణాఫ్రికా 2018లో వాటిని పక్కనపెట్టి బెడాక్విలిన్ ఇవ్వడం మొదలుపెట్టింది. భారత ప్రభుత్వం ఈ మూడు మందులకు మాక్సిఫ్లాక్సాసిన్ కలిపిన ఆరు నెలల కోర్సును 2024లో ఆమోదించింది. లినిజోలిడ్‌తో అరికాళ్లు తిమ్మిరెక్కడం, రక్తం తగ్గడం మామూలే, కాబట్టి రక్తపరీక్షలు తప్పవు. ఇక బెడాక్విలిన్‌కూ లొంగని క్రిములు అప్పుడే కనిపిస్తున్నాయి. 2021లో ఎక్స్‌డీఆర్ నిర్వచనాన్ని మార్చి ఈ కొత్త మందుల పేర్లు అందులో చేర్చాల్సి వచ్చింది.

ప్రపంచవ్యాప్తంగా 2023లో క్షయతో మరణించిన పన్నెండున్నర లక్షల మందిలో 1,61,000 మంది హెచ్‌ఐవీ ఉన్నవాళ్లు. మన దేశంలో హెచ్‌ఐవీతో జీవిస్తున్నవారి సంఖ్య ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో మహారాష్ట్ర, కర్ణాటకలతో పాటు ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఏఆర్‌టీ సెంటర్‌కు వెళ్లే ప్రతిసారీ నర్సు నాలుగు ప్రశ్నలు అడగాలి. దగ్గు ఉందా, జ్వరం వస్తోందా, బరువు తగ్గారా, రాత్రిళ్లు చెమటలు పడుతున్నాయా. అడగకపోతే మీరే చెప్పండి. ఒక్కటి ఉన్నా మైక్రోస్కోపు పరీక్షతో సరిపెట్టుకోకుండా సీబీనాట్ చేయమనండి. ఏదీ లేకపోతే క్షయ రాకుండా ముందుగా వేసే మాత్రల సంగతి అడగండి. మందులు వేసుకుంటున్నా నెల తర్వాత దగ్గు తగ్గకపోతే మొండి క్షయకు మళ్లీ పరీక్ష చేయించమని అడిగే హక్కు మీకుంది, అది మీ తప్పు ఒప్పుకున్నట్టు కాదు. క్షయ హెల్ప్‌లైన్ 1800-11-6666కు ఫోన్ ఉచితం. లోపల మీ వంతు వచ్చేదాకా వరండాలో కూర్చోండి.